చలికాలంలో మాలమ్ వెళ్తున్నారా? ముందు అక్కడి రాయినీ నీటినీ తెలుసుకోండి

ఇంగ్లండ్‌లోని నార్త్ యార్క్‌షైర్‌లో మాలమ్ చాలా చిన్న ఊరు. రాతి ఇళ్లు, మధ్యలోంచి పారే వాగు, చుట్టూ గొర్రెలు మేసే పచ్చిక, ఆ పచ్చికను గళ్లుగా విడదీసే రాతిగోడలు. లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్, మాంచెస్టర్‌లలో ఉండే మనవాళ్లు పొద్దున కారులో బయల్దేరి రాత్రికి ఇంటికి చేరుకోగల దూరం. ఊరు చూస్తే భయపడాల్సిందేమీ కనిపించదు. కానీ అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా ఆ ధీమాతో కొండెక్కకండి. ఇక్కడి ప్రమాదాల్లో చాలావరకు సున్నపురాయి, నీరు కలిసి తెచ్చేవే.

ఊరి నుంచి ఇరవై నిమిషాలు నడిస్తే మాలమ్ కోవ్ వస్తుంది. వంపు తిరిగిన నిలువు కొండగోడ అది, ఎత్తు సుమారు 80 మీటర్లు. మంచుయుగం ముగిసే కాలంలో కరిగిన నీరు దాని మీంచి దూకేది. ఇప్పుడు నీరు పైన రాతిలోకి ఇంకి, గోడ అడుగున వాగై బయటికొస్తుంది. పక్కనున్న దాదాపు 400 మెట్లు ఎక్కితే పైన విశాలమైన బండపరుపు. వాననీటిలోని కొద్దిపాటి ఆమ్లం సున్నపురాయిని వేల ఏళ్లుగా కరిగించడంతో బండ దిమ్మలు దిమ్మలుగా విడిపోయి, నడుమ లోతైన నెర్రెలు పడ్డాయి. మన బెలూం గుహలను తొలిచిందీ సున్నపురాయిని కరిగించే నీరే. ఇక్కడివాళ్లు దిమ్మలను క్లింట్లు అనీ, నెర్రెలను గ్రైక్‌లు అనీ అంటారు.

నా మాట వినండి, బండ తడిగా ఉన్న రోజున పైకి వెళ్లొద్దు. ఏళ్ల తరబడి బూట్ల కింద అరిగిన రాయి అద్దంలా నున్నబడింది, దాని మీద చినుకు పడితే ఎంత మంచి బూటైనా జారుతుంది. మంచు కురిసిందంటే మరీ ప్రమాదం, నెర్రెలు కప్పుకుపోయి ఎక్కడ దిమ్మ ఉందో, ఎక్కడ సందు ఉందో తెలియదు. సందులో దిగబడిన కాలు మెలితిరిగితే చీలమండ విరుగుతుంది. పైగా కొండ అంచుకు కంచె లేదు. ఫొటో కోసం వెనక్కి అడుగులేసే అలవాటున్న స్నేహితుడు ఉంటే చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగండి. మొహమాటపడొద్దు.

కోవ్ అడుగున కూడా గోడకు ఆనుకుని కూర్చోకండి. రాత్రి పగుళ్లలో గడ్డకట్టిన నీరు పగలు కరిగినప్పుడు రాళ్లు ఊడిపడొచ్చు.

రెండో చోటు గోర్డేల్ స్కార్. రెండు వైపులా కొండ మీదికి వంగినట్టుండే ఇరుకు లోయ, లోపల జలపాతం. ఆ జలపాతం పక్కనే రాళ్లు పట్టుకుని పైకి పాకే దారి ఉంది. వేసవిలో పొడిగా ఉన్నప్పుడు చాలామంది ఎక్కుతారు. చలికాలంలో నీటి ఉరవడి పెరిగి, పట్టు దొరికే రాళ్లు తడిసిపోతాయి. ఎక్కినవాళ్లకు దిగడం ఇంకా కష్టం. అడుగున నిలబడి చూసి వెనక్కి రండి, చూడాల్సిన అందమంతా అక్కడే ఉంది. దారిలో తగిలే జానెట్స్ ఫాస్ చిన్న జలపాతం, అక్కడ పాకుడు రాళ్లతో జాగ్రత్త.

పైనున్న మాలమ్ టార్న్ సముద్రమట్టానికి 377 మీటర్ల ఎత్తున ఉన్న సరస్సు. దాని అడుగున నీరు ఇంకని పలకరాయి ఉంది కాబట్టే నీరు నిలిచింది. అక్కణ్నుంచి బయల్దేరే వాగు సున్నపురాయి మీదికి రాగానే నేలలోకి మాయమవుతుంది. అక్కడి నుంచి కోవ్ దాకా ఉన్న లోయ మామూలు రోజుల్లో పొడి లోయే. అయితే 2015 డిసెంబరు 6న డెస్మండ్ తుపాను వానలకు నేల తాగలేనంత నీరొచ్చి, కోవ్ మీంచి మళ్లీ జలపాతం దూకింది. పెద్ద వానల తర్వాత పొడి దారి అనుకున్నది వాగై ఉండొచ్చని గుర్తుంచుకోండి. టార్న్ గడ్డకట్టినట్టు కనిపించినా దాని మీద కాలు పెట్టకండి.

కోవ్, టార్న్, గోర్డేల్ అన్నీ చుట్టి రావాలంటే సుమారు 12 కిలోమీటర్లు. డిసెంబరులో నాలుగింటికి ముందే సూర్యుడు అస్తమిస్తాడు. మధ్యాహ్నం రెండింటికల్లా ఊళ్లోకి దిగేలా చూసుకోండి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. వాన ఆపే జాకెట్, చీలమండను పట్టి ఉంచే బూట్లు, తలకు కట్టుకునే టార్చి, ఫ్లాస్కులో వేడి టీ, నాలుగు చపాతీలు పెట్టుకోండి. లోయల్లో ఫోను సిగ్నల్ సరిగా ఉండదు, చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డినెన్స్ సర్వే వేసే కాగితం మ్యాపు వెంట ఉండాలి, మాలమ్ ఉన్న యార్క్‌షైర్ డేల్స్ కొండ ప్రాంతపు దక్షిణ భాగానికి ఆ మ్యాపు నంబరు ఓఎల్ 2. రాతిగోడలు సున్నం, సిమెంటు లేకుండా పేర్చినవి, వాటిని ఎక్కితే కూలతాయి. గేటు ఎలా ఉంటే అలాగే వదిలి వెళ్లండి.

బయల్దేరే ముందే ఫోనులో ఇంగ్లీషులో రిజిస్టర్ అని టైప్ చేసి బ్రిటన్ అత్యవసర నంబరు 999కి మెసేజ్ పంపండి. జవాబుగా వచ్చే సూచనలు పాటిస్తే, కాల్ కలవని చోట మెసేజ్‌తో సాయం అడగొచ్చు. ఎవరైనా పడితే 999కి ఫోన్ చేసి ముందు పోలీస్, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అనండి. వచ్చేవాళ్లు స్వచ్ఛంద సేవకులు, డబ్బులు అడగరు. వీసా మీద ఉన్నామనో, బిల్లు వస్తుందనో జంకి ఫోను చేయకుండా ఉండొద్దు. ఫోను అసలు పనిచేయకపోతే నిమిషానికి ఆరు సార్లు ఈల వేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ వేస్తూ ఉండండి.