అన్నం మానకండి, ముందు మీ గ్లాసు తూచండి

షుగర్ అని రిపోర్టు రాగానే మన ఇళ్లలో మొట్టమొదట జరిగేది రాత్రిపూట అన్నం మానేసి చపాతీలకు మారడం. మా ఇంట్లోనూ అంతే. నాన్న నెలరోజులు నిష్ఠగా మూడేసి చపాతీలు తిన్నారు, రీడింగ్ మాత్రం అక్కడే ఉంది. విసుగొచ్చి ఒకరోజు కలపబోయే పిండిని కాటా మీద పెట్టి, ఎన్ని చపాతీలు వచ్చాయో లెక్కేసి చూస్తే ఒక్కోదానికి 40 గ్రాముల పొడి పిండి పడుతోందని తేలింది. 100 గ్రాముల గోధుమపిండిలో 65 నుంచి 70 గ్రాములు పిండిపదార్థమే, అంటే మూడు చపాతీలకు దాదాపు 80 గ్రాములు. అంతకుముందు ఆయన తిన్న మూడు గరిటెల అన్నంలో ఉన్నది 60 లోపే! గోధుమలో పీచు ఎక్కువ కాబట్టి షుగర్ కాస్త నెమ్మదిగా పెరగొచ్చు, నిజమే, కానీ నెమ్మదిగా వచ్చినా వచ్చేది 80 గ్రాములే కదా.

కాబట్టి ఏది తినాలి అన్నదానికంటే ముందు ఎంత తింటున్నామో తెలియాలి. దానికి ఫోన్లో యాప్ కూడా అక్కర్లేదు. ఒక డిజిటల్ కాటా, ఒక కాగితం, ఒక ఆదివారం చాలు.

అన్నంతో మొదలుపెట్టండి, ఎందుకంటే మన లెక్కలో సగం అదే. మీరు రోజూ బియ్యం కొలిచే గ్లాసుందే, దాన్నే తీసుకోండి. దాని నిండా బియ్యం పోసి తూచండి. మా గ్లాసుకి 160 గ్రాములు వచ్చాయి, మీది సోలైనా డబ్బా మూతైనా పర్లేదు. బియ్యంలో 100 గ్రాములకి సుమారు 78 గ్రాముల కార్బ్స్, అంటే పిండిపదార్థాలు, ఉంటాయి, కాబట్టి గ్లాసుకి 125. ఇప్పుడు ఎప్పటిలాగే వండి, ఖాళీ గిన్నె బరువు తీసేసి అన్నం తూచండి. మాకు 450 గ్రాములైంది. 125ని 450తో భాగిస్తే 100 గ్రాముల అన్నానికి 28 గ్రాములు. ఇక వడ్డించే గరిటెతో మామూలుగా ఒక గరిటె తీసి తూచండి. మాది 70 గ్రాములు తూగింది, అంటే గరిటెకి 20 కార్బ్స్. అంతే, ఇక జన్మలో అన్నం తూచక్కర్లేదు, గరిటెలు లెక్కపెట్టుకుంటే చాలు. మీరు పలుకుగా వండితే నీళ్లు తక్కువ కాబట్టి 100 గ్రాములకి లెక్క కొంచెం పెరుగుతుంది, మెత్తగా వండితే తగ్గుతుంది, అందుకే పక్కింటివాళ్ల గరిటె లెక్క మీకు పనికిరాదు.

ఇక్కడే ఒక మోసం ఉంది. మనం అన్నం ఒకేసారి పెట్టుకోం. పప్పులోకి ఒకసారి, చారులోకి ఇంకోసారి, చివర్లో పెరుగులోకి 'ఒక్క ముద్ద'. అడిగితే రెండు గరిటెలే తిన్నానంటారు, పెరుగన్నం ఎవరి లెక్కలోకీ రాదు. ముందే మొత్తం కంచంలో పెట్టేసుకుని, దాన్నే మూడు భాగాలు చేసుకోవడం ఒక్కటే దీనికి మందు.

టిఫిన్లకి ఈ కార్బ్స్ అంకెలు సుమారుగా గుర్తుంచుకుంటే సరిపోతుంది. 40 గ్రాముల ఇడ్లీ ఒకటి 10 లోపు. ఇంట్లో పోసుకునే మామూలు దోసె 18-20, హోటల్ మసాలా దోసె మాత్రం ఆలూ కూరతో కలిపి తేలిగ్గా 40 దాటుతుంది. ఉప్మాకైతే పొడి రవ్వనే తూచండి, 50 గ్రాముల రవ్వ అంటే 36 దాకా వేసుకోవచ్చు. పెసరట్టు నాకు ఇష్టమని చెప్పడం కాదు గానీ, 30 గ్రాముల పెసలతో వేసిన అట్టులో 18 గ్రాములుంటే అందులో నాలుగైదు గ్రాములు పీచే, పైగా 7 గ్రాముల ప్రొటీన్. అదే ఎమ్మెల్యే పెసరట్టు అయితే లోపలి ఉప్మా లెక్క వేరే వేసుకోవాలి మరి.

జొన్న రొట్టెలో, రాగి సంకటిలో షుగర్ ఉండదని చాలామంది గట్టిగా నమ్ముతారు. రెండు పిండుల్లోనూ కార్బ్స్ 100 గ్రాములకి 70 దగ్గరే ఉంటాయి. కొర్రలు, సామలు కూడా 60 పైనే. మంచి తిండే, కాదనను, కానీ కొలత లేకుండా తింటే బియ్యం చేసే పనే అవీ చేస్తాయి. బెల్లం, తేనె గురించి ఒక్క మాట: పంచదారకి చుట్టాలే.

కూరల్లో బెండ, బీర, సొర, దొండ, వంకాయ, ఆకుకూరలు మామూలుగా తినేంతలో లెక్కపెట్టను. ఆలూ, కంద, చేమ, చిలగడదుంప మాత్రం అన్నంలో భాగమనే అనుకోండి, 100 గ్రాములకి దాదాపు 20. పప్పు కప్పులో 30 గ్రాముల కందిపప్పు పడితే 17. మజ్జిగని లెక్కలోంచి వదిలేయొచ్చు. టీలో రెండు చెంచాల పంచదార 10, అరగ్లాసు పాలు 5, రోజుకి నాలుగు టీలంటే 60, మూడు గరిటెల అన్నం తాగేసినట్టే. బంగినపల్లి గుజ్జు 200 గ్రాములు 30.

ప్యాకెట్ల మీద 'షుగర్ ఫ్రీ' అని పెద్దక్షరాల్లో ఉంటే వెనక్కి తిప్పి చిన్నక్షరాలు చదవండి. చూడాల్సింది చక్కెర వరస కాదు, మొత్తం కార్బోహైడ్రేట్ వరస. అది 100 గ్రాములకా, ఒక్కసారి తినేంతకా అన్నది కూడా చూడండి. మైదా బిస్కెట్టులో చక్కెర తీసేసినా మైదా అక్కడే ఉంటుంది. ఇంట్లో వండుకునే వాటికి పచ్చి సరుకుల అంకెలు కావాలంటే హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన ఆహార పట్టికలు ఉన్నాయి, నమ్మదగ్గవి.

పూటకి ఎంత? చాలామంది డైటీషియన్లు 45 నుంచి 60 గ్రాముల మధ్య మొదలుపెట్టిస్తారు, మీ వయసు, బరువు, పనిని బట్టి మారుతుంది. తిన్న రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో చూసి కాగితం మీద తిండి పక్కనే రాసుకుంటే, రెండు వారాల్లో మీ ఒంటికి ఏది పడుతుందో మీకే తెలిసిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం సొంత వైద్యం వద్దు. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ తగ్గించే మాత్ర గానీ వాడుతుంటే, డాక్టర్‌కి చెప్పకుండా తిండి హఠాత్తుగా సగం చేయకండి, మందు అంతే ఉండి తిండి తగ్గితే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూడండి, పెరగకపోతే ఇంకోసారి తాగండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

మా కాగితం ఫ్రిజ్ తలుపు మీద ఉంది, పసుపు మరకలతో. నాన్న ఇప్పుడు రాత్రి రెండు గరిటెల అన్నమే తింటున్నారు, పెరుగన్నంతో కలిపి.