చిత్రం కంటే ముందు గోడ: డెల్టా ఇళ్లలో సున్నపు పూత వేసే పద్ధతి

కోనసీమలో గోడ మీద బొమ్మ వేయదలచినవారు రంగుల గురించి ఆలోచించే ముందు గోడ పాదాన్ని పరీక్షించాలి. కాలువల మధ్య ఉన్న ఈ నేలలో నీరు పైపైనే ఉంటుంది కనుక ఇటుకలు దానిని, దానితోపాటు ఉప్పునూ పైకి పీల్చుకుంటాయి. నీరు ఆవిరైపోగా మిగిలిన ఉప్పు గట్టిపడి, పూతను లోపలినుంచే పెకలిస్తుంది.

తెల్లని పొడి కనిపించిన చోటికి మరో అడుగు పైవరకు పాత పూతను చెక్కేసి, ఇటుకల సందులను అరంగుళం లోతుకు గీకి, పొడి కుంచెతో దులపాలి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే దిగుతుంది. సిమెంటుతో కప్పితే చెమ్మ బయటికి రాలేక ఇంకా పైకి ఎక్కుతుంది కాబట్టి ఆ పని అసలే వద్దు.

కాల్చిన సున్నాన్ని నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలే తప్ప, సున్నం మీద నీళ్లు పోయకూడదు. అది ఉడికి చిమ్మితే కళ్లకు ప్రమాదం. కనీసం 3 వారాలు నీటి అడుగున మాగనివ్వాలి. 3 నెలలు ఆగగలిగితే వెన్నలా మెత్తబడుతుంది. ఇసుక గోదావరిదే కావాలి, ఉప్పుటేరు ఇసుక పనికిరాదు. కరక్కాయలు దంచి నానబెట్టిన నీటిలో బెల్లం కలిపి సున్నంలో పోయడం పాత మేస్త్రీల అలవాటు. మన తేమలో బెల్లం కొద్దిగానే వాడడం మంచిదని నా అభిప్రాయం.

గోడను తడిపి, 1 వంతు సున్నానికి 3 వంతుల ఇసుకతో అరంగుళం పూత వేసి, తాపీ మొనతో గీతలు పెట్టాలి. సుమారు 10 రోజుల తర్వాత 1:2 పాళ్లతో పావంగుళం పూత వేయాలి. చివరిది సన్నగా జల్లించిన ఇసుకతో, 2–3 మిల్లీమీటర్ల మందంలో చాలు. అది కొంచెం గట్టిపడ్డాక నున్నని గులకరాయితో ఓపికగా రుద్దాలి. గోడకు మెరుపు వచ్చేది ఇక్కడే.

సున్నం ఎండడం వల్ల కాక గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకోవడం వల్ల గట్టిపడుతుంది. అందుకు తడి కావాలి. అందుకే ఎండలు ముదిరే వైశాఖంలో కాక మార్గశిర, పుష్య మాసాల్లో పని పెట్టుకుని, తడి గోనెపట్టాలు వేలాడదీయడం మేలు.

మట్టి గోడలవారికి మరో దారి ఉంది: అజంతాలో ఊక, నారలు కలిపిన మట్టిపూత మీద పలుచని సున్నం పూసి చిత్రించారు, ఊకకు మనకు కొరత లేదు.

తడి పూత మీద వేయాలంటే జాజు, పసుపు మట్టి, దీపపు మసి వంటి సున్నానికి చెడని రంగులే వాడాలి. పూర్తిగా ఆరిన గోడ మీదైతే రంగులో తుమ్మజిగురు కలపాలి.