తత్వశాస్త్రం బుర్రకెక్కాలంటే ఏం చేయాలి?

డిగ్రీలో తత్వశాస్త్రాన్ని నేను ఎక్కాల్లాగా బట్టీ పట్టాను. ప్లేటో అంటే భావవాదం, శంకరుడంటే అద్వైతం, కాంట్ అంటే కర్తవ్యవాదం. తర్వాత ఒక ఇంటర్వ్యూలో ‘కాంట్ చెప్పినదానికి మీ ఊళ్ళో జరిగేది ఒక ఉదాహరణ చెప్పండి’ అన్నారు. వాదం పేరు తప్ప నోట్లోంచి ఇంకేమీ రాలేదు. కర్నూలు బస్సెక్కాక గాని తెలియలేదు, నా దగ్గరున్నవి పేర్లే, విషయం కాదని. ఇప్పుడు మా అన్న కూతురికి వేరే పద్ధతిలో చెబుతున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ప్రశ్న రాయండి

ఒక నోటుబుక్కు తీసుకుని ఒక్కో భావానికి ఒక్కో పేజీ కేటాయించండి. పైన వాదం పేరు వద్దు, అది ఏ ప్రశ్నకు జవాబో ఆ ప్రశ్న రాయండి. అది కూడా ఇంట్లో మాట్లాడే మాటల్లోనే. ప్లేటో పేజీ మీద ‘కళ్ళకు కనబడేదంతా నిజమేనా?’, కాంట్ పేజీ మీద ‘ఒక పని తప్పని ఎట్లా తేల్చాలి?’ అని మేము రాసుకున్నాం. ప్రశ్న దొరక్కపోతే ఆ భావం ఇంకా మీకు అందలేదని అర్థం. మళ్ళీ చదవండి.

తర్వాత మీ ఊళ్ళోది ఒకటి వెతకండి

ప్లేటో గుహ కథ తెలిసిందే. చిన్నప్పటి నుంచి గొలుసులతో కట్టేసిన ఖైదీలు ఎదురుగా ఉన్న గోడనే చూస్తుంటారు. వెనక మంట, మంటకూ వాళ్ళకూ మధ్య ఎవరో బొమ్మలు మోసుకుపోతుంటారు. గోడ మీద పడే నీడలే వాళ్ళకు లోకం. ఒకడు బయటపడతాడు, ఎండకు కళ్ళు మండుతాయి, మెల్లగా అలవాటుపడి అసలు వస్తువులు చూస్తాడు. తిరిగొచ్చి చెబితే లోపలివాళ్ళు నవ్వుతారు.

కర్నూలోళ్ళకు దీనికోసం గ్రీసు దాకా పోవాల్సిన పని లేదు. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలున్నాయి. మూడు కిలోమీటర్ల పైచిలుకు పొడవు, జనాన్ని పోనిచ్చేది ఒకటిన్నర కిలోమీటర్ల దాకా. (జిల్లాలు విడదీశాక అవి నంద్యాలకు పోయాయి గాని, మా నోటికి ఇంకా కర్నూలు గుహలే.) లోపల ఉక్క, చెమట, రంగు దీపాల్లో రాళ్ళ నీడలు. మెట్లెక్కి బయటికొచ్చి ఎండలో కళ్ళు చికిలించిన ఆ క్షణాన్ని పేజీలో రాసుకోండి.

పోలిక ఎక్కడ తెగుతుందో చూడండి

చాలామంది ఉదాహరణ దొరకగానే ఆపేస్తారు. నన్నడిగితే అసలు పని అక్కడే మొదలవుతుంది. బెలుంలోకి మనం టికెట్ కొనుక్కుని పోతాం, బయట లోకం ఉందని తెలిసే దిగుతాం. ప్లేటో ఖైదీకి ‘బయట’ అనేదొకటి ఉందనే తెలియదు. తను చూసేవి నీడలని కూడా తెలియదు. పోలిక తెగిన ఈ చోటే ప్లేటో చెప్పదలచుకున్నది. ఆ ఒక్క వాక్యం ఎర్ర పెన్నుతో రాయండి.

కాంట్‌కు చేబదులు సరిపోతుంది. ‘ఒకటో తారీఖు ఇచ్చేస్తా’ అని, ఇవ్వనని తెలిసే డబ్బు తీసుకోవడం. 1785లో అచ్చయిన పుస్తకంలో కాంట్ ఇచ్చిన ఉదాహరణల్లో ఇదీ ఒకటి. అందరూ అదే చేస్తే ఏమవుతుందో చూడమంటాడు. ‘అందరికీ నష్టం వస్తుంది’ అని రాస్తే పొరపాటే. లాభనష్టాలు లెక్కగట్టేది ఇంగ్లీషు తత్వవేత్త మిల్ వంటివాళ్ళు. కాంట్ మాట వేరు: అందరూ అట్లా చేస్తే ఒకటో తారీఖు మాటను ఎవరూ నమ్మరు, చేబదులనేదే ఉండదు. మీరు చెప్పే అబద్ధానికి నిలబడే చోటే దొరకదు. ఈ తేడా పట్టుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

వాదమైతే వేళ్ళ మీద లెక్కపెట్టండి

మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనం అనుమానాన్ని, అంటే తర్కంతో తేల్చడాన్ని, అయిదు మెట్లుగా చెప్పింది. బొటనవేలితో మొదలుపెట్టండి: కొండ మీద నిప్పుంది. ఎందుకంటే పొగ ఉంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా. ఈ కొండ మీదా అట్లాంటి పొగే ఉంది. కాబట్టి నిప్పుంది. చలికాలం పొద్దున కొండ మీది మంచును పొగ అనుకుంటే రెండో వేలి దగ్గరే వాదం పడిపోతుంది. ఎదుటివాడి వాదంలో ఏ వేలు విరిగిందో వెతకడం అలవాటైతే టీవీ చర్చలు చూడటం కూడా సరదాగానే ఉంటుంది.

మూడు పాదాల్లో కుదించండి

కడపలో పనిచేసిన బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. వాటిలో నాలుగో పాదం మామూలుగా మకుటమే, కాబట్టి చెప్పాల్సింది మూడు పాదాల్లోనే అయిపోవాలి. పేజీ అడుగున మీరూ మూడే వాక్యాలు రాయండి, ఛందస్సు అక్కర్లేదు. మర్నాడు, మూడో రోజు, వారానికి పుస్తకం మూసి ఆ మూడూ చెప్పుకోండి. ఎక్కువ మరపు మొదట్లోనే అని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తనే ప్రయోగం చేసుకుని చూపించాడు.

చివరగా, చదువుతో సంబంధం లేనివాళ్ళకు చెప్పండి. మా అన్న కూతురు గుహ కథను వాళ్ళవ్వకు, అంటే మా అమ్మకు, శనక్కాయలు ఒలుస్తుండగా చెప్పింది. అమ్మ అంతా విని, ‘బయటపడినోడు హాయిగా బయటుండక మల్లా లోపలికి యాల పోయినాడు?’ అంది. పిల్ల నా వైపు చూసింది. ప్లేటో కూడా ఆ ప్రశ్న ఎత్తుకున్నాడు, వాణ్ణి బలవంతంగానైనా కిందికి పంపాలన్నాడు. ఆ పేజీ పైన ఇప్పుడు రెండు ప్రశ్నలున్నాయి.