ఉనికి పాఠాలు - 3: పులుసు ఉంది, పులుసు పుల్లగా ఉంది

పోయినసారి అభ్యాసం మన కొంప ముంచింది. వంటింట్లో ఒక వస్తువు చూసి దాని గుణాలు రాయమన్నాను. కావలి నుంచి ఒకరు చేపల పులుసు మీద రాశారు: "పుల్లగా ఉంది, ఎర్రగా ఉంది, నూనె తేలి ఉంది, ఉంది." ఆ చివరి 'ఉంది' చూసి తల పట్టుకున్నాను. ఇంకో పదిమందిదీ ఇదే వరస. అందుకే ఈ వారం చెప్పాల్సిన ద్రవ్యం (గుణాలకు ఆధారంగా ఉండే వస్తువు) సంగతి పక్కన పెడుతున్నా.

'పులుసు పుల్లగా ఉంది' అంటే అది ఎలాంటిదో చెప్పాం. 'పులుసు ఉంది' అంటే ఎలాంటిదో ఏమీ చెప్పలేదు, మూత తీస్తే దొరుకుతుందన్నాం, అంతే. అమ్మకు ఫోన్ చేసి దినుసులు రాసుకోండి: కొరమీను, చింతపండు, మామిడికాయ ముక్కలు, మెంతిపొడి. ఆ లిస్టు చివర 'ఉండటం' అని చేరిస్తే రుచి మారుతుందా? మారదు, ఉండటం గుణం కాదు కాబట్టి. 1781లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ ఇదే మాట డబ్బు మీద పెట్టి చెప్పాడు. ఊహలో వంద తాలర్లకూ (అప్పటి వెండి నాణేలు) చేతిలో వంద తాలర్లకూ లెక్కలో తేడా లేదు, తేడా అంతా జేబుకే. దేవుడు పరిపూర్ణుడు, ఉండటం కూడా పరిపూర్ణతే, కాబట్టి దేవుడున్నాడు అనే వాదాన్ని ఈ దెబ్బతోనే కొట్టాడు. దేవుడు లేడనలేదు, ఈ దారిలో రుజువు కాదన్నాడు.

మనకో సౌకర్యం ఉంది. 'లేదు' వేరు, 'కాదు' వేరు. గిన్నెలో పులుసు లేదు. ఇది పులుసు కాదు, చారు. మన పాత తత్త్వశాఖల్లో ఒకటైన వైశేషికం వాళ్లు, అంటే వైశేషికులు, అభావాన్ని (లేకపోవడాన్ని) ఏడో పదార్థంగా, అంటే లోకంలోని వాటిని విడదీసే ఏడో వర్గంగా చేర్చి, నాలుగు రకాలు చేశారు. 'కాదు' అన్యోన్యాభావం, అంటే ఒకటి ఇంకొకటి కాకపోవడం. మిగతా మూడూ 'లేదు'లే. పొయ్యెక్కకముందు పులుసు లేకపోవడం ప్రాగభావం, ఊడ్చి తిన్నాక ప్రధ్వంసాభావం, గాలికి రంగు లేకపోవడం అత్యంతాభావం. మొదటిదానికి మొదలు లేదు, ముగింపుంది. రెండోదానికి మొదలుంది, ముగింపు లేదు. మళ్లీ వండినా అది వేరే పులుసే. (మన నెల్లూరు పులుసు మర్నాటికే రుచి, తొందరపడి ధ్వంసం చేయకండి.)

అభ్యాసం: రేపు నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా మీ నోట వచ్చిన ప్రతి 'లేదు', 'కాదు' నోట్‌బుక్‌లో రాసి, పక్కన ఏ అభావమో వేయండి. 'తినలేదు', 'పోలేదు' లాంటివి వదిలేయండి. అప్పులవాళ్లతో 'మా ఆయన ఇంట్లో లేడు' అంటారే, దానికి ఏది వేయాలో మీరే తేల్చండి. ఇలాంటి 'ఇప్పుడిక్కడ లేదు' దగ్గర పాత పండితులే ఒక మాట మీద లేరు. ఆయన లోపల మంచం మీదే ఉంటే మాత్రం రాయొద్దు. అరవైకి తక్కువ వస్తే ఎల్లుండి మళ్లీ చేయండి.