మహమ్మారి వేళ బడి మూతపడితే: స్కూలు సాయం పూర్తిగా అందుకోవడం ఎలా?

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. ఏప్రిల్ నాటికి ప్రపంచమంతటా 150 కోట్ల మందికి పైగా విద్యార్థులు బడికి దూరమయ్యారని యునెస్కో లెక్క. అలాంటి పరిస్థితి మళ్లీ వస్తే, సాయం చేయాలన్న మనసున్న ప్రైవేటు స్కూలు కూడా మీరు అడిగినదాన్ని బట్టే చేయగలదు. "పాపకి చాలా కష్టంగా ఉందండీ" అన్న మెసేజ్‌తో టీచరు ఏమీ చేయలేరు. "మంగళవారం లెక్కల క్లాసు మధ్యలో నెట్ పోయింది, రికార్డింగు పంపగలరా?" అంటే అరగంటలో పని అయిపోతుంది.

మూతపడిన మొదటి వారంలోనే క్లాస్ టీచరును కొన్ని విషయాలు అడిగి పెట్టుకోండి. ఏ క్లాసులు లైవ్, ఏవి రికార్డింగు? రికార్డింగు ఎన్నాళ్లు ఉంచుతారు? హోంవర్కు ఎక్కడ పెట్టాలి, ఎప్పటిలోగా? లైవ్‌కు రాలేకపోతే హాజరు ఎలా వేస్తారు? జవాబులు ఒక కాగితం మీద రాసి, పిల్లలు కూర్చునే చోట అతికించండి. ఫోన్లో ఉంటే ఎవరూ చూడరు.

నెట్ సంగతి ముందే లెక్కేసుకోవాలి. వీడియో క్లాసుకు గంటకు ఇంచుమించు ఒక జీబీ, క్వాలిటీ పెంచితే ఇంకా ఎక్కువే ఖర్చవుతుంది. రోజుకు 3 గంటల చొప్పున 22 రోజులంటే ఒక్క పిల్లకే 66 జీబీ. డేటా చాలకపోతే, ఆడియోతో మాత్రమే హాజరవడానికి స్కూలు అనుమతి తీసుకుని, పాఠం నోట్సు పీడీఎఫ్‌గా అడగండి. ఇద్దరు పిల్లలు ఒకే గదిలో ఉంటే ఒకరి స్పీకరు శబ్దం ఇంకొకరి మైకులో దూరి క్లాసంతా గోలగోల అవుతుంది. ఇద్దరికీ ఇయర్‌ఫోన్లు ఇచ్చి, మాట్లాడనప్పుడు మైకు మ్యూట్‌లో పెట్టించండి. స్క్రీను కంటి ఎత్తుకు రావాలి, వెలుతురు ముఖం మీద పడాలి. ప్రతి 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూస్తే కళ్లకు కాస్త విశ్రాంతి.

హోంవర్కు ఫొటోలే టీచర్లను అన్నిటికంటే విసిగించేవి. మసక వెలుతురులో, పక్కకు తిరిగిన ఫొటోలు పది విడివిడిగా వస్తే ఎంత ఓపికున్నవాళ్లయినా సగం చూసి వదిలేస్తారు. పుస్తకాన్ని కిటికీ దగ్గర పరిచి, ఫోను సరిగ్గా పైనుంచి పట్టుకుని, స్కానింగ్ యాప్‌తో పేజీలన్నీ ఒకే పీడీఎఫ్‌గా చేయండి. ఫైలు పేరులో పిల్లవాడి పేరు, తరగతి, సబ్జెక్టు, తేదీ ఉండాలి.

ఆ హోంవర్కు మీరు మాత్రం చేసిపెట్టకండి. జవాబులన్నీ ఒప్పుగా వస్తే టీచరు తర్వాతి పాఠానికి వెళ్లిపోతారు. పిల్లవాడు ఆగింది భిన్నాల దగ్గరని బడి తెరిచాక గానీ బయటపడదు. తప్పును తప్పుగానే పంపి, పక్కన "ఇక్కడ అర్థం కాలేదు" అని రాయించండి. వారానికోసారి టీచరుతో 10 నిమిషాల ఫోను మాట్లాడే వీలుంటే ఈ గుర్తులే చాలు. గ్రూపులో అడిగితే నలభై మంది జవాబుల మధ్య మీ ప్రశ్న మునిగిపోతుంది.

హాజరు పూర్తిగా ఉన్నా నోట్సులో తేదీలు ఎక్కడో ఆగిపోయాయంటే పిల్ల క్లాసులో లేనట్టే. కెమెరా పెట్టమని గట్టిగా చెప్పినంత మాత్రాన అది మారదు. నలుగురిలో నోరు విప్పడానికి జంకేవాళ్లకు చాట్‌లో జవాబు రాసే వీలు, లేదా వారానికి 15 నిమిషాలు విడిగా మాట్లాడే సమయం అడగండి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే పూర్తి వివరాలు అక్కర్లేదు: ఎన్ని రోజులు రాలేరు, ఏ పరీక్ష వాయిదా వేయాలి, ఏ రికార్డింగులు కావాలి, ఇవి చెబితే చాలు.

ఫీజు విషయంలో మొహమాటం మీకే నష్టం. గడువు దాటకముందే ప్రిన్సిపాల్‌కు ఈమెయిలు పెట్టండి. దాటాక లేట్ ఫైను పడుతుంది, అప్పుడు మాట్లాడాల్సింది అకౌంట్సు వాళ్లతో. పిల్లవాడి అడ్మిషన్ నంబరు, ఆదాయం ఏ నెల నుంచి తగ్గింది, ఇప్పుడు ఎంత కట్టగలరు, మిగతాది ఏ తేదీల్లో కడతారు అన్నవి రాయాలి. మొత్తం మాఫీ అడగడం కంటే వాయిదాలు అడిగితే ఒప్పుకోవడం వాళ్లకు సులువు, ఎందుకంటే టీచర్ల జీతాలు ఆ ఫీజులోంచే రావాలి. వాడని బస్సు, హాస్టలు ఫీజులు తీసేయమని అడగడం మాత్రం న్యాయమే. ఫోనులో ఒప్పుకున్నదాన్ని అదే రోజు ఈమెయిల్లో రాసి, "ఇలాగే కదా?" అని అడిగి ఉంచండి.

బడి తెరిచేటప్పుడు బెంచీలకు ఎంత శానిటైజరు కొడుతున్నారన్నది పెద్ద ప్రశ్న కాదు. కోవిడ్ ప్రధానంగా గాలి ద్వారా వ్యాపిస్తుంది కాబట్టి కిటికీలు తెరుస్తున్నారా, మాస్కులు తీసి తినే భోజనం ఆరుబయటేనా అని అడగాలి. మనం వదిలిన గాలి గదిలో ఎంత పేరుకుందో చూపే కార్బన్ డయాక్సైడ్ మీటరు ఉంటే, నిండు తరగతిలో రీడింగు 800 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 800 వంతులు) లోపు ఉంటే గాలి బాగా ఆడుతున్నట్టు. బయటి గాలిలో అది సుమారు 420. మొదటి రెండు వారాల్లో, పిల్లలు చదవడంలో, లెక్కల్లో ఎక్కడున్నారో చూసే, మార్కులు లేని పరీక్ష పెట్టమని టీచరును అడగండి.

నెలల తరబడి పెన్ను పట్టని చేయి త్వరగా నొప్పి పుడుతుంది. తెరవడానికి రెండు వారాల ముందు నుంచి రోజూ 10 నిమిషాలు చేత్తో రాయించండి. రోజుకు 15 నిమిషాల చొప్పున త్వరగా పడుకోబెడుతూ వస్తే 8 రోజుల్లో రెండు గంటలు సర్దుకుంటుంది.