డెంటల్ స్కూల్‌కి వెళ్లాలనుకుంటే కాలేజీలో యాక్టివిటీలు ఎలా ఎంచుకోవాలి?

అమెరికాలో డెంటల్ స్కూల్ అప్లికేషన్ మే నెలలో తెరుచుకుంటుంది. ఏప్రిల్ నుంచే నాకు ఫోన్లు మొదలవుతాయి. "ఆంటీ, నా యాక్టివిటీస్ లిస్ట్ ఒకసారి చూస్తారా?" అని. చూస్తే పద్నాలుగు క్లబ్బులు, మూడు ఆన్‌లైన్ సర్టిఫికెట్లు, ఒక హాకథాన్ ఉంటాయి. డెంటిస్ట్ పక్కన నిలబడి చూసింది మాత్రం పదకొండు గంటలు. బాధగా ఉంటుంది. ఎందుకంటే ఆ పిల్లలు సోమరులు కారు, మూడేళ్లు నిద్ర మానుకుని పరిగెత్తినవాళ్లే, కాకపోతే ఎటు పరిగెత్తాలో ఎవరూ చెప్పలేదు.

నేను న్యూజెర్సీలో జనరల్ డెంటిస్ట్‌ని. ఏటా ఇద్దరు ముగ్గురు డిగ్రీ పిల్లలు నా క్లినిక్‌కి షాడోయింగ్‌కి, అంటే పక్కన నిలబడి పని చూడటానికి, వస్తారు. మన తల్లిదండ్రులకు ఈ వ్యవహారం అర్థం కాకపోవడం సహజమే. మన ఊళ్లో ఇంటర్ అయ్యాక నీట్ ర్యాంకు వస్తే బీడీఎస్ సీటు, నువ్వు వీణ వాయిస్తావా, ఎవరికైనా సాయం చేశావా అని అడిగేవాళ్లు లేరు. ఇక్కడ నాలుగేళ్ల డిగ్రీ చదివాక, జీపీఏ, డాట్ (డెంటల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష) స్కోరుతో పాటు ఆ నాలుగేళ్లూ ఏం చేశావో గంటల లెక్కతో సహా అడుగుతారు.

ముందు ఒక నోట్‌బుక్ కొనండి

కాగితం నోట్‌బుక్కే. ఫోన్‌లో రాసుకుంటామంటారు, రాయరు. తేదీ, ఎన్ని గంటలు, ఎవరి దగ్గర, వాళ్ల ఫోన్ నంబరు, ఆ రోజు చూసిన ఒక విషయం, ఇంతే. యాడ్‌సాస్ అనే ఉమ్మడి అప్లికేషన్‌లో ప్రతి పనికీ ఎప్పుడు మొదలుపెట్టారు, వారానికి ఎన్ని గంటలు, మొత్తం ఎన్ని, పర్యవేక్షించింది ఎవరు అని అడుగుతారు. మూడేళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తే అవి కాకిలెక్కలే అవుతాయి. పేషెంట్ పేరు మాత్రం ఎప్పుడూ రాయకండి. (టెక్సాస్ ప్రభుత్వ డెంటల్ స్కూళ్లకు వేరే అప్లికేషన్ ఉంది, నోట్‌బుక్ దానికీ పనికొస్తుంది.)

మొదటి సంవత్సరం: రెండే క్లబ్బులు

కాలేజీ మొదలైన వారాల్లో మైదానంలో క్లబ్బులన్నీ బల్లలు వేసుకుని పిలుస్తుంటాయి. అన్నిచోట్లా పేరు ఇవ్వకండి. ఒకటి ప్రీ-డెంటల్ క్లబ్, చాలా కాలేజీల్లో ఉంటుంది. అక్కడ మైనంతో పన్ను ఆకారం చెక్కడం, ఆల్జినేట్ అనే ముద్దతో పళ్ల అచ్చు తీయడం లాంటివి నేర్పిస్తే తప్పకుండా వెళ్లండి. రెండోది పళ్లతో ఏ సంబంధం లేనిది, మీకు నిజంగా ఇష్టమైనది. మూడో క్లబ్ వద్దు. ఆ మొదటి ఏడాది కెమిస్ట్రీ, బయాలజీ గ్రేడ్లు పడిపోతే తర్వాత ఏ యాక్టివిటీ కూడా కాపాడదు.

చేతి పని వదిలేయకండి

మన పిల్లల విషయంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. అయిదేళ్ల వయసు నుంచి కూచిపూడో, వీణో, మృదంగమో నేర్చుకుంటారు. కాలేజీకి రాగానే "ఇక దీంతో పనేముంది" అని మానేస్తారు. డాట్ పరీక్షలో తొంభై ప్రశ్నల పర్సెప్చువల్ ఎబిలిటీ భాగం ఉంది, కానీ అది కంప్యూటర్ మీద కంటితో ఆకారాలు పోల్చే పరీక్ష. వేళ్ల నేర్పు అందులో తెలియదు. అది తెలిసేది మీరు చేసే పనుల్లోనే. వీణ తీగ మీద గమకం పలికించే వేలికి ఎంత ఒత్తిడి సరిపోతుందో తెలుసు. మగ్గం వర్క్, ముగ్గులు, మోడల్ విమానాలు, గిటార్, ఏదైనా సరే. ఒకటే షరతు: హైస్కూల్‌తో ఆగిపోయినదాన్ని అప్లికేషన్‌లో పెట్టకండి. కాలేజీలోనూ వారానికి రెండు గంటలైనా చేస్తూ ఉండండి, అప్పుడు ధైర్యంగా రాయొచ్చు.

షాడోయింగ్: ఇక్కడ నిదానించండి

తొంభై శాతం తప్పులు నాకు ఇక్కడే కనిపిస్తాయి.

షాడోయింగ్ అంటే డెంటిస్ట్ పని చేస్తుంటే పక్కన నిలబడి చూడటం. చూడటం మాత్రమే. స్కూలుని బట్టి అంచనాలు మారతాయి, వంద గంటలు అనుకుని మొదలుపెడితే ఎక్కడా ఇబ్బంది ఉండదు. ఆ వందలో అరవై గంటలు ఒక్క జనరల్ డెంటిస్ట్ దగ్గరే గడపండి. మిగతా నలభై పళ్ల వరుస సరిచేసే ఒక ఆర్థోడాంటిస్ట్, ఒక ఓరల్ సర్జన్, ఒక కమ్యూనిటీ హెల్త్ సెంటర్ మధ్య పంచుకోండి. పది మంది దగ్గర పదేసి గంటలు తిరిగినవాళ్ల కన్నా ఇది ఎందుకు మేలంటే, పది గంటల్లో మీకు పనిముట్ల పేర్లు తెలుస్తాయి, అంతే. అరవై గంటల్లో రూట్ కెనాల్ మొదలుపెట్టిన పేషెంటే పన్ను మీద తొడిగే క్రౌన్ పెట్టించుకోవడానికి తిరిగి రావడం చూస్తారు, డబ్బు సరిపోక ట్రీట్‌మెంట్ వద్దనుకుని వెళ్లిపోయిన మనిషిని చూస్తారు. ఆ డెంటిస్ట్‌కి కూడా మీరెవరో తెలుస్తుంది, రేపు రికమండేషన్ లెటర్ రాయాల్సింది ఆయనే కదా. అడ్మిషన్ కన్సల్టెంట్లు "వైవిధ్యం చూపించండి" అంటూ ప్యాకేజీలు అమ్ముతారు. ఆ డబ్బు డాట్ ఫీజుకి దాచుకోండి.

అడిగే పద్ధతి. ఈమెయిల్ పంపి ఊరుకోకండి, అది ఎవరూ చదవరు. మంగళవారం నుంచి గురువారం లోపు, లంచ్ ముందు, నేరుగా వెళ్లండి. సోమవారం పొద్దున్న వద్దు, శనాదివారాలు నొప్పితో గడిపినవాళ్లంతా ఆ రోజే వస్తారు, రిసెప్షన్‌లో ఊపిరాడదు. ముందు మాట్లాడాల్సింది డాక్టర్‌తో కాదు, ముందు కూర్చున్న ఆఫీస్ మేనేజర్‌తో. మీరెవరు, ఏ కాలేజీ, వారంలో ఏ పూటలు ఖాళీ అన్నది ఒక కాగితం మీద రాసి ఇచ్చి, వారం తర్వాత ఒకసారి ఫోన్ చేయండి. ఎనిమిది చోట్ల అడిగితే ఒకటో రెండో దొరుకుతాయి. టెన్షన్ పడకండి, కాదన్నవాళ్లకు మీ మీద కోపమేమీ లేదు.

బంధువుల క్లినిక్ ఉంటే నాలుగు రోజులు వెళ్లి చూడండి, కానీ ఎక్కువ గంటలు అక్కడే పెట్టకండి. మీ బాబాయి మీ గురించి రాసిన లెటర్‌కి విలువ ఉండదు.

గదిలోకి వెళ్లాక. కడుపు నిండా తిని వెళ్లండి. మొదటిసారి పన్ను పీకడం చూసి కళ్లు తిరిగి పడినవాళ్లు నా దగ్గరే ముగ్గురు ఉన్నారు. మోకాళ్లు బిగించి నిలబడకండి, తల తేలికగా అనిపిస్తే వెంటనే కూర్చోండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అసిస్టెంట్‌కి అడ్డు రాకుండా కాస్త వెనక్కి ఉండండి. ఏదీ ముట్టుకోవద్దు, సక్షన్ పైపు కూడా. ఫోన్ కారులోనే వదిలేయండి: పేషెంట్ వివరాల గోప్యతకు 1996 నుంచి హిపా చట్టం ఉంది, మీరు సరదాగా తీసిన సెల్ఫీలో వెనక ఎక్స్-రే కనపడితే ఇబ్బంది ఆ డెంటిస్ట్‌కి. ప్రశ్నలు పేషెంట్ వెళ్లాకే అడగండి. నోటి లోపలే చూస్తూ ఉండకండి, పేషెంట్ చేతులు కూడా చూడండి. కుర్చీ పట్టుకుని బిగుసుకున్న వేళ్లు ఎప్పుడు వదులయ్యాయో, డాక్టర్ ఏ మాట అన్నాక వదులయ్యాయో ఆ రోజు నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటర్వ్యూలో చెప్పడానికి దానికన్నా మంచి విషయం దొరకదు.

ఇక సెలవులకి ఇండియా వెళ్లేవాళ్లకి చేతులు పట్టుకుని చెబుతున్నాను. గుంటూరులోనో, హైదరాబాద్‌లోనో తెలిసినవాళ్ల క్లినిక్‌లో కూర్చుని చూడండి, చాలా నేర్చుకుంటారు. రోజుకి ఎంత మంది వస్తారో, పొగాకు, గుట్కా నోటిని ఏం చేస్తాయో కళ్లారా తెలుస్తుంది. కానీ "రా, ఈ ఇంజెక్షన్ నువ్వు చెయ్యి" అని ప్రేమతో పిలిచినా చేయొద్దు. నాకు తెలిసిన ఒక అబ్బాయి అలాగే రెండు పళ్లు పీకి, దాన్ని గొప్పగా అప్లికేషన్‌లో రాశాడు. చదువులో మెరిక. ఆ ఏడాది ఒక్క ఇంటర్వ్యూ రాలేదు. కారణం అదేనని ఎవరూ చెప్పరు, నేను మాత్రం అదేనని నమ్ముతున్నాను. శిక్షణ లేకుండా పేషెంట్ మీద చెయ్యి వేయడాన్ని డెంటల్ స్కూళ్లు ఉత్సాహంగా చూడవు, మంచీచెడూ తెలియనితనంగా చూస్తాయి. విదేశాల్లో ప్రీ-డెంటల్ విద్యార్థులు ఏం చేయకూడదో అమెరికన్ డెంటల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ మార్గదర్శకాలే రాసింది. ఆ కుర్చీలో ఉన్నది ఒక మనిషి, ఆవిడ పేదరాలు కావచ్చు, ఎదురు చెప్పలేక ఊరుకుని ఉండొచ్చు. ఆవిడ మీ ప్రాక్టీసు బొమ్మ కాదు.

సేవ: ఒకే చోట, రెండేళ్లు

మెడికల్ క్యాంపుల్లో ఒకరోజు పని చేయడం మంచిదే. రిమోట్ ఏరియా మెడికల్ సంస్థ ఉచిత శిబిరాల్లో పళ్ల వైద్యానికి జనం తెల్లవారకముందే వరుసలో నిలబడతారు, ఒక్కసారైనా వెళ్లి చూడండి. ఫిబ్రవరిలో పిల్లలకు ఉచితంగా చూసే గివ్ కిడ్స్ ఎ స్మైల్ కార్యక్రమాల్లోనూ వాలంటీర్లు కావాలి. కానీ అసలు సేవ వారం వారం వెళ్లేది. ఫుడ్ బ్యాంక్, వృద్ధాశ్రమం, చదువు చెప్పడం, ఏదైనా పర్లేదు, పళ్లతో సంబంధం అక్కర్లేదు. గుడిలో ఆదివారం తెలుగు పాఠాలు చెప్పడమూ సేవే, అయితే మనవాళ్లు కానివాళ్ల మధ్య కూడా కొంత పని చేయండి. రేపు మీ కుర్చీలో కూర్చునేది అన్ని రకాల మనుషులు.

రీసెర్చ్, ఉద్యోగం

ల్యాబ్ పని ఇష్టమైతేనే చేయండి. కిరాణా షాపులో పార్ట్‌టైమ్ చేసినా దాచకండి, అప్లికేషన్‌లో ఉద్యోగానికి వేరే విభాగమే ఉంది. ఇంటి ఖర్చుల కోసం పనిచేశానని రాయడం గౌరవమైన విషయం.

రాసేటప్పుడు

యాడ్‌సాస్‌లో ఒక్కో అనుభవానికి 600 అక్షరాలే ఇస్తారు, ఖాళీలతో కలిపి. వాటిలో ఆరింటిని ముఖ్యమైనవని విడిగా చూపించొచ్చు. నోట్‌బుక్ తెరిచి, ఏది ఎక్కువ కాలం చేశారో చూసి ఆ ఆరూ ఎంచుకోండి. "నాయకత్వ లక్షణాలు పెంపొందించుకున్నాను" లాంటి వాక్యాలు కొట్టేసి, ఎవరికి ఏం చేశారో రాయండి. ఎవరి ఫోన్ నంబర్ ఇస్తున్నారో వాళ్లకు ముందే చెప్పండి. షాడోయింగ్ ఇచ్చిన క్లినిక్‌లో డాక్టర్‌కే కాకుండా ఆ అసిస్టెంట్‌కీ, ఆఫీస్ మేనేజర్‌కీ చేత్తో రాసిన థాంక్స్ కార్డు ఇచ్చి రండి.