రాత్రిపూట కారు ఫోటో: ముందు వెలుగు చూడండి, తర్వాత కెమెరా తీయండి

రాత్రి కారు ఫోటోలు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదట అడిగేది "షటర్ స్పీడ్ ఎంత పెట్టాలి?" అని, అంటే కెమెరా ఎంతసేపు వెలుగు తీసుకోవాలని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది: ఈ కారు మీద ఏం ప్రతిబింబిస్తోంది? కారు బాడీ అంటే వంపులు తిరిగిన అద్దమే. పగలు ఆకాశమంతా దాని మీద పరుచుకుంటుంది కాబట్టి ప్రతి ఒంపూ కనిపిస్తుంది. రాత్రి ఆకాశం నల్లన, కాబట్టి కారూ నల్లనే. ఎక్కడ వెలుగు ప్రతిబింబిస్తే అక్కడ మాత్రమే ఆకారం తెలుస్తుంది. కెమెరా సెట్టింగులు ఏమీ మార్చకుండా, కారును రెండు మీటర్లు ముందుకు జరిపితే చాలు, ఫోటో పూర్తిగా మారిపోతుంది.

అందుకే చోటు ఎంచుకోవడానికి ఎక్కువ సమయం పెట్టండి. వాహనాలు తిరగని, అనుమతి ఉన్న ఖాళీ స్థలం కావాలి. దీపస్తంభానికి సరిగ్గా కింద కారు ఆపితే పైకప్పు మీద, బానెట్ మీద తెల్లటి మచ్చ పడుతుంది, తలుపులు చీకట్లో కలిసిపోతాయి. దీపం కారుకు పక్కగానో ముందుకో కొన్ని మీటర్ల దూరంలో ఉంటే మేలు. అంతకంటే మంచిది, కెమెరా ఉన్న వైపు వెలుతురు పడిన పెద్ద గోడ. అది బాడీ మీద వెడల్పుగా, మెత్తగా ప్రతిబింబిస్తుంది. కారు ఆపాక, కెమెరా ఏ ఎత్తులో ఉండబోతోందో ఆ ఎత్తుకు వంగి చుట్టూ ఒకసారి తిరగండి. దీపాల ప్రతిబింబాలు బాడీ మీద జారుతూ కదులుతాయి. భుజం గీత (కిటికీల కింద బాడీ పొడవునా సాగే మడత) వెంబడి వెలుగు ముందునుంచి వెనక్కి తెగకుండా కనిపించే చోట ఆగండి. ట్రైపాడ్ పెట్టాల్సింది అక్కడే. పైకప్పు మీంచి స్తంభమో చెట్టో మొలిచినట్టు వెనక ఏదైనా కనబడుతుంటే ఒక అడుగు పక్కకు జరగండి.

మొదటిసారి అయితే సూర్యాస్తమయం తర్వాత 20 నుంచి 40 నిమిషాల మధ్య తీయండి. ఆకాశంలో ఇంకా నీలం మిగిలి ఉంటుంది, కారు పై అంచు చీకట్లో కరిగిపోదు. ఆ వ్యవధి చిన్నది. కాబట్టి కారు తుడవడం, ఫ్రేమ్ కుదర్చడం వెలుతురు ఉండగానే ముగించాలి. తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డ వాడండి. పక్కనుంచి పడే వెలుగులో దుమ్ము, ఆరిన నీటిచుక్కల మరకలు కంటికి కనిపించినదానికంటే ఎక్కువగా ఫోటోలో తేలతాయి.

ముందు చక్రాలను కొంచెం తిప్పి పెట్టండి. టైరు ట్రెడ్ (నేలను తాకే గాడుల భాగం) కాదు, రిమ్ ముఖం కెమెరా వైపు ఉండాలి. కెమెరా కారు ఎడమ ముందు మూలకు ఎదురుగా ఉంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

లెన్స్ ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) కెమెరాకు 50 నుంచి 85 ఎంఎం, క్రాప్ సెన్సార్‌కు, అంటే అంతకంటే చిన్న సెన్సార్ ఉన్నదానికి, 35 నుంచి 55 ఎంఎం. మామూలు సైజు కారుకు, ఫుల్‌ఫ్రేమ్ మీద 50 ఎంఎం అయితే సుమారు 8 మీటర్లు, 85 ఎంఎం అయితే సుమారు 13 మీటర్ల దూరం కావాలి. వైడ్ లెన్స్‌తో దగ్గరికి వెళ్తే బంపర్ ఉబ్బిపోయి, వెనక భాగం కుంచించుకుపోతుంది. కెమెరా ఎత్తు హెడ్‌లైట్ల ఎత్తుకు అటూఇటూగా ఉంచండి. నిలబడి కంటి ఎత్తునుంచి తీస్తే కారు చిన్నబోతుంది.

ఇక సెట్టింగులు. మాన్యువల్ మోడ్, రా ఫార్మాట్ (తర్వాత దిద్దుకోవడానికి వీలుగా పూర్తి సమాచారం దాచే ఫైలు), ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీరు) 100, అపెర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం సైజు) ఎఫ్/8. షటర్ ఎంతో ఊహించొద్దు, లెక్క కట్టండి. ముందు ఐఎస్ఓ 3200 పెట్టి, ఎఫ్/8 అలాగే ఉంచి, వెలుగు సరిపోయేదాకా పరీక్షగా తీస్తూ వెళ్లండి. అర సెకను దగ్గర సరిపోయిందనుకుందాం. 3200 నుంచి 100కు దిగితే వెలుగు 32వ వంతు అవుతుంది, కాబట్టి సమయం 32 రెట్లు పెరగాలి: 16 సెకన్లు. కెమెరాలో 15 పెట్టండి. ఇలా చేస్తే ఒక్కో పరీక్షకూ పావు నిమిషం ఎదురుచూసే పని తప్పుతుంది.

వైట్ బ్యాలెన్స్ (దీపం రంగుకు తగ్గట్టు ఫోటో రంగులు సరిచేసే సెట్టింగు) ఆటోలో ఉంచితే ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ రంగు మారుతుంది. 4000 కెల్విన్ దగ్గర స్థిరంగా పెట్టి, తర్వాత కంప్యూటర్‌లో సవరించుకోండి. పాత పసుపు సోడియం దీపాల కింద మాత్రం ఈ సవరణ పెద్దగా పనిచేయదు. ఆ వెలుగులో దాదాపు ఒక్క పసుపే ఉంటుంది కాబట్టి నీలం కారు బురదరంగులో పడుతుంది, ఎంత దిద్దినా అసలు రంగు తిరిగి రాదు. వేరే దీపం వెతుక్కోవడమే మార్గం.

చీకట్లో ఆటోఫోకస్ తడుముకుంటుంది. కెమెరాకు దగ్గరగా ఉన్న హెడ్‌లైట్ మీద టార్చ్ వేసి, లైవ్ వ్యూలో (కెమెరా స్క్రీన్ మీద కనిపించే దృశ్యంలో) 10 రెట్లు పెద్దది చేసి చూస్తూ ఫోకస్ కుదర్చండి. కుదిరాక మాన్యువల్ ఫోకస్‌కు మార్చేయండి. ఆ తర్వాత జూమ్ రింగు ముట్టుకోవద్దు, చాలా జూమ్ లెన్సుల్లో దాంతో ఫోకస్ తప్పిపోతుంది.

కదలిక వల్ల ఫోటో మసకబారడానికి కారణాలు ట్రైపాడ్ దగ్గరే కాదు, కారు దగ్గరా ఉంటాయి. ట్రైపాడ్ మధ్య స్తంభం పైకి లేపకుండా కాళ్లతోనే ఎత్తు తెచ్చుకోండి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే సదుపాయం) ఆపండి. 2 సెకన్ల టైమర్ గానీ రిమోట్ గానీ వాడండి. ఇంజిన్ ఆపేయాలి, లోపల ఎవరూ ఉండకూడదు. తలుపు వేసిన వెంటనే షటర్ నొక్కితే సస్పెన్షన్ ఇంకా ఊగుతూనే ఉంటుంది. వెనక గోడ పదునుగా ఉండి కారు మాత్రమే మసకగా వచ్చిందంటే కారణం అదే.

హెడ్‌లైట్ల దగ్గరే ఎక్కువ ఫోటోలు పాడవుతాయి. 15 సెకన్ల పాటు వెలిగితే ముందు భాగమంతా ఒక తెల్లటి ముద్ద అవుతుంది, గ్రిల్ కూడా కనిపించదు. దీపాలు ఆర్పి మామూలు ఫ్రేమ్ తీసుకోండి. తర్వాత ట్రైపాడ్ కదపకుండా, పార్కింగ్ లైట్లు మాత్రం వెలిగించి పావు సెకనుకు ఇంకో ఫ్రేమ్ తీసి, రెండూ కంప్యూటర్‌లో కలపండి (ఎలాగో కింద ఉంది). కలపడం ఇష్టం లేకపోతే, ఎక్స్‌పోజర్ నడుస్తుండగా, అంటే షటర్ తెరిచి ఉండగా, రిమోట్ తాళంతో లైట్లు ఒక్కసారి మెరిపించినా చాలు.

వీధిదీపం ఇవ్వని వెలుగును మీరే పూయొచ్చు. రాత్రి కారు ఫోటోగ్రఫీలో అసలు ఆనందం ఇక్కడే ఉంది. దీనికి మీటరు పొడవు ఎల్ఈడీ ట్యూబ్ కావాలి. చిన్న టార్చ్ అయితే బాడీ మీద గీతకు బదులు చుక్కలు, సన్నని గీరలు పడతాయి. ట్యూబ్ వెనకవైపు నల్ల టేపు అంటించండి, వెలుగు కారు మీదికే వెళ్లాలి, లెన్స్‌లోకి కాదు. ముదురు రంగు బట్టలు వేసుకోండి. 15 సెకన్ల ఎక్స్‌పోజర్ మొదలవగానే కారుకు ఒకటిన్నర మీటర్ల దూరంలో, ట్యూబ్‌ను పైకప్పు కంటే ఎత్తులో అడ్డంగా పట్టుకుని, ముందు బంపర్ దాటిన చోటునుంచి వెనక బంపర్ దాటేదాకా ఒకే వేగంతో నడవండి. చెయ్యి పైకీ కిందికీ ఊగితే బాడీ మీద గీత అలలా వస్తుంది. మధ్యలో ఆగితే అక్కడ మచ్చ పడుతుంది, మీ ఆకారం కూడా లీలగా కనిపించవచ్చు. వెలుగు ఎక్కువైతే ట్యూబ్ తీవ్రత తగ్గించండి. నడక వేగం పెంచితే చెయ్యి ఊగుతుంది.

ఒకే ఫ్రేమ్‌లో అంతా సాధించాలని చూడొద్దు. మామూలు వెలుగుతో ఒకటి, పైకప్పుకు ఒకటి, పక్క తలుపులకు ఒకటి, చక్రాలకు ఒకటి, లైట్లకు ఒకటి తీయండి. ఫోటోషాప్‌లో లేయర్లుగా, అంటే ఒకదాని మీద ఒకటి, పేర్చి బ్లెండ్ మోడ్ 'లైటెన్' పెడితే ప్రతి ఫ్రేమ్‌లోని ప్రకాశవంతమైన భాగమే మిగులుతుంది. జింప్‌లో దీన్నే 'లైటెన్ ఓన్లీ' అంటారు. మీ కాళ్లో ట్యూబో పడిన చోట మాస్క్‌తో (లేయర్‌లో కొంత భాగాన్ని దాచే సాధనంతో) చెరిపేయండి. మధ్యలో ట్రైపాడ్ కాస్త జరిగినా అంచులు రెండుగా కనిపిస్తాయి, అప్పుడు మొదటినుంచి తీయడమే నయం.

ఫోన్‌తో తీసేవాళ్లకూ ఈ పద్ధతే. ట్రైపాడ్ మీద పెట్టి, ప్రో మోడ్ ఉంటే ఐఎస్ఓ 100, సమయం ఒక సెకను దగ్గర మొదలుపెట్టి, వెలుగు సరిపోయేదాకా మార్చుకుంటూ వెళ్లండి. ముందు లెన్స్ తుడవాలి. వేలి జిడ్డు ఉంటే ప్రతి దీపం నుంచీ పొడవాటి చార వస్తుంది. అల్ట్రావైడ్ వద్దు, మెయిన్ కెమెరానే వాడండి.

చీకటికి అలవాటుపడిన కళ్లకు కెమెరా స్క్రీన్ వెలిగిపోతున్నట్టు కనిపిస్తుంది, ఇంటికొచ్చి చూస్తే ఫోటో నల్లగా ఉంటుంది. స్క్రీన్ వెలుగు తగ్గించి, హిస్టోగ్రామ్‌నే (ఫోటోలో చీకటి ఎడమవైపు, వెలుగు కుడివైపు ఎంత ఉందో చూపే గ్రాఫ్‌ను) నమ్మండి. గ్రాఫ్ మొత్తం ఎడమ గోడకు అతుక్కుపోయి ఉంటే సమయం రెట్టింపు చేయండి. దీపాల మధ్యభాగం తెల్లబడినా ఫర్వాలేదు. పెయింట్ మీది ప్రతిబింబం మాత్రం తెల్లబడకూడదు, ఎందుకంటే అక్కడ రంగు పోతే మళ్లీ రాదు. కారు కదిపే ముందు ప్రతి ఫ్రేమ్‌నూ పూర్తిగా పెద్దది చేసి నంబర్ ప్లేట్ అంచులు, రిమ్ గీతలు పదునుగా ఉన్నాయో లేదో చూసుకోండి.